రోజు విడిచి రోజు

2012 జూలై 9, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నా చెయ్యి నల్లబల్ల మీద ఆగిపోయింది. మూడో తరగతికి పదమూడో ఎక్కం రాస్తున్నాను. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి వరకు రాశాను. ఆ పైన చెయ్యి లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. కుర్చీలో కూర్చున్నాను. ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. పాఠం మధ్యలో కూర్చోవడం అదే మొదటిసారి. బడి అయిపోయిందనుకుని పిల్లలు సంచులు సర్దుకున్నారు.

ఆ రోజు బడి నుంచి ఇంటికి వెళ్ళే దారిలో నాలుగు చోట్ల కూర్చున్నాను. అంతకు ముందు ఒక్క చోట కూడా ఆగేదాన్ని కాదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. ఐరన్ టానిక్ రాశారు. మా ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఇద్దరం విజయనగరం వైపు వాళ్ళం. సీసా చూసి ఆయన ఒకటే నవ్వు.

"కొండ కొండంతా ఇనుమేనే. రోజూ వేగన్లకెత్తి పంపిస్తన్నారు. నీకే తక్కువైపోనాదేటి?"

ఎనిమిది నెలలు టానిక్ తాగాను. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా, లేచేసరికి మూటెడు బట్టలు ఉతికి వచ్చినట్టుండేది. 2013 మార్చిలో కళ్ళు పచ్చబడ్డాయి. పాసింజర్ ఎక్కి విశాఖపట్నం వెళ్ళాం.

"హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అమ్మా," అన్నారు అక్కడి డాక్టరు. "వైరల్ లోడ్ బాగా ఎక్కువగా ఉంది. ఇది క్రానిక్ హెపటైటిస్ బి."

"ఎన్నాళ్ళకు తగ్గుతుందండీ?"

"పూర్తిగా పోవడం అరుదు. మాత్రతో అణిగి ఉంటుంది. రోజూ ఒకటి, మానకుండా."

"మరి ఈ నీరసం?"

"వైరల్ లోడ్ దిగినా కొందరికి ఫెటీగ్ ఉండిపోతుంది. దానికి వేరే మాత్ర లేదు. అలిసిపోయాక కాదమ్మా, అలవకముందే కూర్చోండి."

మా ఆయనకు పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. వ్యాక్సిన్ వేశారు. ఇది గ్లాసు వల్ల, కంచం వల్ల రాదు, రక్తం వల్ల వస్తుంది అని డాక్టరు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ విన్నాను. అయినా కిరండూల్‌లో ఎవరికీ చెప్పకూడదని తిరుగు బండిలోనే నిశ్చయించుకున్నాను.

దానికి కారణం లచ్చమ్మ. ఆమె మా బడిలో ఆయా. కుంట ఊరి వైపు దొర్ల తెగ మనిషి, నా ఈడుది. 2006లో ఆమెకు కామెర్లు వచ్చి తగ్గాక, మళ్ళీ పనిలోకి వస్తే నేను ఆమె గ్లాసు వేరు పెట్టించాను. వరండా గూట్లో, పిల్లలందరూ చూసేలా. ఇప్పుడు నా గ్లాసు ఏ గూట్లో పెడతారో అనుకున్నాను.

మా రైల్వే వాళ్ళకు ఒక అలవాటుంది. విశాఖ నుంచి ఏది కావాలన్నా బండి మీద తెప్పించుకుంటాం. అక్కడ మనవాళ్ళు పాసింజర్ గార్డు చేతికిస్తారు, ఇక్కడ ప్లాట్‌ఫారం మీద మనం అందుకుంటాం. ఎండు చేపలు, పెళ్ళి చీరలు అన్నీ అలాగే వచ్చేవి. నా మాత్రలు కూడా అలాగే వచ్చాయి. మా తమ్ముడు గుడ్డసంచిలో కుట్టి, పైన "మిషను సూదులు" అని రాసి పంపేవాడు. రెండేళ్ళపాటు ఏ నెలా తప్పలేదు. వైరల్ లోడ్ దిగింది. అలసట మాత్రం దిగలేదు. బడి మానేశాను. వంటింట్లో ముక్కాలి పీట వేసుకున్నాను. బిందె సగమే నింపేదాన్ని. ఒక పని, ఆపైన పావుగంట కూర్చోవడం, మళ్ళీ ఒక పని. అలా రోజుకు ఆరు పనులు చేయగలిగేదాన్ని. ఏడోది చేస్తే మర్నాడు మూడే.

2014 నవంబరులో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. రెండు గంటలకోసారి పక్క మార్చాలనీ, లేకపోతే ఒళ్ళు పుండు పడుతుందనీ నర్సు చెప్పింది. దుప్పటికి నాలుగు మూలలా గట్టి పట్టీలు కుట్టాను. పట్టీ లాగితే ఆయన తిరిగేవారు. నోటు పుస్తకంలో గంటలు రాసి, తిప్పినప్పుడల్లా టిక్కు పెట్టేదాన్ని. నా ఆరు పనులూ దానికే సరిపోయాయి. వంట లచ్చమ్మ చూసింది. నేను అడగలేదు, తనే వచ్చింది.

2015 వానలకు ఘాట్‌లో పట్టాల మీద రాళ్ళు పడ్డాయి. కొన్నాళ్ళకు గూడ్సులు నడిచాయి. పాసింజర్ మాత్రం రాలేదు. ఆగస్టు 3న నా దగ్గర ఇరవై నాలుగు మాత్రలున్నాయి. నేను లెక్క వేశాను. రోజు విడిచి రోజు వేసుకుంటే సెప్టెంబరు 18 దాకా వస్తాయి, ఆలోగా బండి రాక తప్పదు. లెక్కలో తప్పేమీ లేదు.

బండి రాలేదు. పోస్టులో పంపమంటావా అని తమ్ముడు ఫోనులో అడిగాడు. పోస్టుమాస్టరు భార్యకు అన్నీ తెలిసిపోతాయని వద్దన్నాను.

మాత్రలు అయిపోయాక తిండి వెగటైంది. ఆరు పనులు నాలుగయ్యాయి, ఆ తరువాత రెండు. నోటు పుస్తకంలో టిక్కుల మధ్య ఖాళీలు మొదలయ్యాయి. అక్టోబరు 23 మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన్ను ఎడమకు తిప్పి, ఐదు నిమిషాలని పక్కనే కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి ఐదూ నలభై ఐదు. పక్క బట్ట తడిసి ఉంది. ఆయన మెలకువగానే ఉన్నారు.

"పిలవొచ్చు కదండీ!"

"నిద్దరోతన్నావు గదే," అన్నారు ముద్దముద్దగా. "ఎలా లేపీది?"

ఆ ఖాళీల్లో చాలా వాటికి ఆయన నన్ను లేపకపోవడమే కారణమని అప్పుడు తెలిసింది. తుంటి మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ ఉంది. దాని అంచు పగిలింది. పట్టీ లాగబోయి నేను నేల మీద పడ్డాను.

లచ్చమ్మ వచ్చి లేపింది.

"ఏంది టీచరమ్మా, కండ్లు గిట్ల పచ్చగున్నయి? ఏం మందు మింగుతున్నవ్? నిజం చెప్పు."

చెప్పాను. వ్యాధి పేరు, మాత్ర పేరు, సూదుల సంచి సంగతి.

"గందుకే నా కాడ దాచినవా?" అంది. "గా గ్లాసు యాదుందా? నలభై రెండు దినాలు గూట్ల పెట్టినవ్."

ఇన్ని లెక్కలు రాసుకునే నేను ఆ లెక్క రాసుకోలేదు. ఆమె రాయడం రాకుండానే గుర్తుపెట్టుకుంది. నీళ్ళు ముంచి ఇచ్చింది. నేను తాగాక మిగిలినవి తను తాగింది. డాక్టరు రెండుసార్లు చెప్పిన మాట నాకు ఎక్కలేదు. ఆమెకు చెప్పకుండానే ఎక్కింది. నా పాత మందుల చీటీ తీసుకుని బజారుకు పోయింది.

మెడికల్ షాపాయన చీటీ చూసి "కల్ ఆ జాయేగీ" అన్నాడట. రేపు వస్తుంది అని. జగ్దల్‌పూర్ నుంచి మర్నాడు సాయంత్రం బస్సులో వచ్చింది. నేను ఎనభై రెండు రోజులు ఎదురుచూసిన మాత్ర.

ఇద్దరినీ ఆసుపత్రిలో చేర్చారు. నా ఎస్‌జీపీటీ, అంటే లివర్ పరీక్ష, చూసి మాత్ర ఎందుకు మానానని ఇక్కడి డాక్టరు అడిగాడు. నా లెక్క చెప్పాను.

"వైరస్‌కు లెక్కలు రావమ్మా," అన్నాడు. "పక్కవీధిలో ఉన్నాను. నన్ను అడిగితే నేనే రాసిచ్చేవాణ్ణి కదా."

నా లివర్ నాలుగు నెలల్లో కుదుటపడింది. ఆయన పుండు మానలేదు. లోపలికి దిగింది, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. పోయేముందు వారం లచ్చమ్మ ఆయన్ను తిప్పుతుంటే, "నువ్వే నయం, మా టీచరు టిక్కు పెట్టుకుని గాని తిప్పదు," అని నవ్వబోయారు. 2016 జనవరి 17 ఆదివారం పోయారు.

ఇప్పుడు నేను రోజూ ఉదయం ఏడింటికి మాత్ర వేసుకుంటున్నాను. రిపోర్టులు బాగున్నాయి. అలసట ఉంది. పనులు మళ్ళీ ఆరయ్యాయి, కానీ రెండు గంటలకోసారి చెయ్యవలసిన పని ఏదీ లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి పదకొండుసార్లు కూర్చున్నాను. సాయంత్రాలు లచ్చమ్మ వస్తుంది. ఇద్దరం ఒకే చెంబులో నీళ్ళు తాగుతాం. క్షమించమని ఒకసారి అడిగాను. "పోనీ టీచరమ్మా" అంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఇలాంటి రోగంతో బతికేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. మీరు వేసుకునే మాత్ర పేరు, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక్క మనిషికైనా చెప్పి ఉంచండి. ఈరోజే చెప్పండి.

నోటు పుస్తకం మళ్ళీ కూడి చూశాను. మాత్ర లేకుండా గడిపిన రోజులు యాభై ఎనిమిది. పక్క మార్చని సార్లు నలభై ఒకటి. పోయిన మనిషి ఒకరు.