నలభై రెండు కిలోలు

నా నోరు మంచిదని కాదు, పెద్దదని నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. తొంభైల మొదట్లో, జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట, ఒక కోయగూడెం పక్కన, తునికాకు దాచే పాత గోదాంలో మా సంస్థ ముసలివాళ్ల కోసం ఒక సెంటర్ తెరిచింది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా వాళ్లు వచ్చి కూర్చోవాలి. రాగిజావ ఇస్తాం, బీపీ చూస్తాం, కాళ్లూ చేతులూ ఆడిస్తాం, ప్రతి సోమవారం బరువు చూసి రిజిస్టర్లో రాస్తాం. వాళ్లను ఇళ్లలోంచి కదిలించి తీసుకురావడం నా పని. పెనుబల్లి వైపు రైతు ఇంట్లో పుట్టి, కూలీలను తెల్లారేసరికి పొలానికి లేపిన దాన్ని, వీళ్లను లేపలేనా అనుకున్నాను.

ఎవరూ లేవలేదు. మొదటి నెలంతా ఆ జావ నేనూ వంటమనిషీ తాగాం. పని చేయకుండా కూర్చుని తినడం ఆ గూడెంలో సిగ్గు. "నాకేం రోగమొచ్చిందని గోదాంల కూసోవాలె?" అన్నాడు ఒక తాత. "ముసలోళ్లమందరం పొద్దుగాల ఒక్కకాడ కూసుంటె ఎవరో సచ్చిండ్రనుకుంటరు" అంది ఇంకో ముసలమ్మ. చెప్పులరిగేలా తిరిగాను. నన్ను దూరం నుంచి చూసి తడికలు వేసుకోవడం కూడా మొదలుపెట్టారు.

చివరికి పెద్దవ్వ దగ్గరికి వెళ్లాను. గూడెంలో సగం మందికి పురుడు పోసింది ఆమే. ఆమె ఊఁ అంటే గూడెం ఊఁ అంటుంది. వాకిట్లో కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. నేను ఆరోగ్యం మీద పాఠం ఎత్తుకోగానే చేయి అడ్డం పెట్టింది.

"గదంత సరే గని బిడ్డా, నేనొచ్చి నీకాడ కూసుంటె ఈ ఆకులెవరు కుట్టాలె?"

"అక్కడికే తెచ్చుకో అవ్వా. నలుగురితో మాట్లాడుకుంటా కుట్టుకోవచ్చు."

మర్నాడు ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనక ఇంకో నలుగురు, గింజ తీయాల్సిన చింతపండు బుట్టలతో. చేతిలో పని ఉంటే కూర్చోవడం సిగ్గు కాదు కదా. ఈ ముక్క నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి గోదాం నిండింది. పెళ్లాం పోయాక ఎవరితోనూ మాట్లాడని ఒక తాత, పెద్దవ్వ మీద పరాచికాలాడి తిట్లు తినడానికే రోజూ అందరికంటే ముందొచ్చేవాడు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. ఆమె వచ్చిన మొదటి సోమవారం, "రా అవ్వా, కాంటా ఎక్కు" అంటే వెనక్కి జరిగింది.

"నేనెక్క. జిగురు జోకిండ్రు, ఇప్పపువ్వు జోకిండ్రు, చింతపండు జోకిండ్రు. జోకినంక ఏదన్న మళ్ల ఇంటికొచ్చిందా? నన్ను జోకకు బిడ్డా."

నాకు నవ్వొచ్చింది. గట్టిగా పట్టుబడితే మొత్తానికే మానేస్తుందేమో, ఆమె మానేస్తే గోదాం మళ్లీ ఖాళీ అవుతుందేమో అని భయమూ వేసింది. "సరేలే అవ్వా, వద్దులే" అన్నాను. కానీ గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో ఊరుకోరు. ఆమెను ఎగాదిగా చూసి, నలభై రెండు అని రాశాను. పై వారమూ నలభై రెండే. ఆ తర్వాత చూడటం కూడా మానేసి రాశాను. నెలకోసారి వచ్చే సూపర్‌వైజర్ రిజిస్టర్ తిరగేసి, "ఒక్క గడి కూడా ఖాళీ లేదమ్మా, మిగతావాళ్లు నిన్ను చూసి నేర్చుకోవాలి" అంటే నేను సిగ్గుపడలేదు. సంతోషపడ్డాను.

వానలు మొదలయ్యాయి. పెద్దవ్వ తన జావ సగం పక్కవాళ్ల గ్లాసులో వంచడం చూశాను. మంచి మనసు అనుకున్నాను. ఆమె జబ్బకు ఒక వెండి కడియం ఉండేది. అది మోచేతి దాకా జారిపోతోందని, కింద గుడ్డపేలిక చుట్టి కట్టుకుంది. "ఏందవ్వా, కొత్త సోకు?" అని అందరి ముందూ ఆటపట్టించాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగు జబ్బ మీదికి లాక్కుంది. అది గుర్తొచ్చిన పూట ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

దసరా వెళ్లాక వరసగా మూడు రోజులు రాలేదు. ఇంటికి వెళితే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తిన్నది కడుపులో ఆగడం లేదని, రెండు నెలల నుంచి అంతేనని కోడలు చెప్పింది. "నాకెందుకు చెప్పలేదు?" అని కసిరాను.

"వారం వారం నువ్వే సూస్తున్నవ్ గదక్కా. నీకెరుకనే అనుకున్నం" అంది కోడలు.

కొత్తగూడెం పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాం. బస్సు ఎక్కించడానికి రెక్క పట్టుకుందామని చేయి వేస్తే, మనిషి మొత్తం నా చేతుల్లోకి వచ్చేసింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎక్కించాను.

దవాఖానాలో నర్సు కాంటా ఎక్కమంటే ఎక్కింది. కాదనే ఓపిక కూడా లేదు. ముప్పై ఒకటి. పనికొస్తుందని నేను సెంటర్ రిజిస్టర్ వెంట తెచ్చాను. డాక్టర్ పేజీలు తిప్పాడు. పేజీ పేజీకీ నలభై రెండు.

"పోయిన సోమవారం నలభై రెండు, ఇవాళ ముప్పై ఒకటి. ఎవరమ్మా రాసింది?"

పడుకోబెట్టిన బల్ల మీద నుంచి పెద్దవ్వే అంది.

"నేనే సెప్పిన సారూ. గట్లనే రాయమన్న."

నేను ఏం రాస్తున్నానో ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. సంగతేమిటో డాక్టర్ ప్రశ్నను బట్టీ నా మొహాన్ని బట్టీ పట్టేసింది.

కడుపులో గడ్డ, ముదిరిపోయింది. చిక్కడం మొదలైనప్పుడే తెచ్చి ఉంటే చేయడానికి ఏదో ఒకటి ఉండేదని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఎందుకట్లా అబద్ధం చెప్పావని అడిగాను.

"నీ నౌకరి పోతది గద బిడ్డా. నువ్వు పోతె ఆ ముసలోళ్లను ఇంటింటికొచ్చి ఎవరు పిలుస్తరు?"

దీపావళికి ముందే పోయింది. నా నౌకరీ పోలేదు. ఆ వచ్చే సోమవారం, సంగతంతా తెలిసిన ఆ ముసలివాళ్లు నేను పిలవకుండానే కాంటా ముందు వరస కట్టారు. ఒక్కొక్కరికీ వంగి ముల్లు చూసి రాశాను.

వాళ్లలో రానని మొండికేసిన ప్రతివాళ్ల ఇంటికీ పదేసిసార్లు తిరిగిన దాన్ని నేను. పెద్దవ్వను కాంటా ఎక్కమని అడిగింది ఆ ఒక్కసారే.