వేపమానులో మేకులు

ఇవాళ గుడియాత్తం బస్సు కోతమిల్లు దగ్గర ఆగినప్పుడు పచ్చి వేప రంపపుపొట్టు వాసన వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేశాను.

పిల్లలు జడుసుకుని జ్వరం తెచ్చుకుంటే చెట్టుకు ఇనుప మేకు కొట్టడం మీ ఇళ్లలోనూ ఉండేదా? మా అవ్వ నన్ను పొలంలోని వేపమానుకు ఆనించి నిలబెట్టి, సరిగ్గా నా తలకు పైన మానులోకి మేకు కొట్టేది. భయం అక్కడే ఉండిపోతుందనేది. నేను ప్రతిదానికీ జడుసుకునే పిల్లను.

ఒక ఏడు గాలివానకు మా ఇంటి దూలాలు విరిగి కప్పు కూలింది. ఆ మాను కూడా పశువుల పాక మీదికి ఒరిగింది. దాన్నే కోయించి దూలాలు చేయిద్దామన్నాడు నాయన. కొమ్మలకు మోకులు కట్టి మగవాళ్లంతా అవతలి వైపుకు లాగితే, మాను పాకను తప్పించుకుని పడింది. ఇంక కప్పు వచ్చినట్టే అనుకున్నాం.

మిల్లులో రంపం పళ్లు విరిగాయి.

"లోపలంతా మేకులే ఉండాయన్నా. మాకొద్దు, ఎత్తుకోని పో" అన్నాడు మిల్లాయన.

మొద్దులు ఇంటికి తిరిగొచ్చాయి. మేకుల మీద చెక్క పెరిగి మూసేసింది. అవ్వ ఉలితో తవ్వి, వేళ్లు చీరుకుపోతున్నా పట్టకారుతో లాగుతూనే ఉంది.

"చాలమ్మా. మళ్లా వాన వచ్చేట్టుండాది, లోపలికి రా" అన్నాడు నాయన.

"లోపలికా? కప్పు యాడుండాది రా?" అంది అవ్వ, తలెత్తకుండా.

ఆ సాయంత్రం నాకు జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.