బోణీ బేరం షేర్వాణీ

ఆ రోజుల్లో అగ్గువకు దొరికిన వస్తువును వదిలిపెట్టి ఇంటికొస్తే, చేతికి దొరికిన దొంగను వదిలేసినంత కోపమొచ్చేది నాకు. ఇప్పుడు సెల్లుల్లో సేల్ సేల్ అని ఒకటే లొల్లి పెడుతున్నరు గని, ఈ జబ్బును సెల్లు అంటించలేదు. నా ఒంట్ల అది సెల్లు పుట్టకముందే ఉన్నది.

మాదన్నపేటలో ఉండేటోళ్లం. అమ్మకు చూపు మందగించి బియ్యంల రాళ్లు కనబడకపోయేవి. మేం అన్నం తింటుంటే కంకర మిషన్ నడిచినట్టు చప్పుడు. (నా దవడపన్ను అట్లనే పోయింది.) కొత్త కొలువుల మొదటి జీతం చేతికి రాంగనే, అమ్మకు కండ్లద్దాలు తెస్తనని పొద్దుగాలనే పత్తర్‌గట్టికి పోయిన. అద్దాల దుకాణం ఇంకా తెరవలేదు. పక్క దుకాణమాయన అప్పుడే షట్టరు లేపి, పెండ్లికొడుకులు తొడుక్కునే షేర్వాణీ ఒకటి బయట తగిలిస్తున్నడు. ఊకె నిలబడలేక ధర అడిగిన. చెప్పిండు. నవ్వులాటకు సగం కన్న తక్కువ చెప్పిన. ఆయన ఒక్క నిమిషం కండ్లు మూసుకొని, "బోణీ టైమ్. మొదటి గిరాకిని ఒట్టి చేతులతో పంపను. లేజావ్ భాయ్!" అన్నడు. మనం అడిగిన ధరకే ఇస్తనంటే వద్దనుడు మా బజారుల మర్యాద కాదు. నాకేమో పెండ్లి కుదరలేదు, అందుల నా లాంటోళ్లు ఇద్దరు పడతరు. అయినా నిజం చెప్పాలె, నేను మర్యాదకు కొనలేదు. గెలిచిన అనుకొని కొన్న.

ఇంటికొస్తే అమ్మ "అద్దాలేవి?" అనలేదు. షేర్వాణీని ఒళ్లె పెట్టుకొని తడిమింది. "చిలకపచ్చ! మస్తుంది బిడ్డా. ఎంతకిచ్చిండు?"

"సగం కన్న తక్కువకే."

"అట్లయితే మంచిదే తియ్. నా కండ్లు ఏడికి పోతయి?"

అది నీలం రంగు. "అవునమ్మా, పచ్చనే" అన్న.

మలినెల బోణీకి గోడగడియారం, ఆ పైనెల ఇత్తడి హుక్కా (మా ఇంట్ల బీడీ తాగేటోడు గూడ లేడు). అద్దాలొచ్చేసరికి ఏడాదయింది. అవి పెట్టుకొని అమ్మ మొట్టమొదలు పెట్టె తెరిచి షేర్వాణీ తీసింది. శానసేపు చూసింది. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. "నీలం గూడ మంచిగనే ఉన్నది బిడ్డా" అని మడతపెట్టి, చాట తీసుకొని బియ్యం ముందట కూసుంది.

అమ్మ పోయి శాన ఏండ్లయింది. మొన్న అగ్గువకొస్తున్నదని సెల్లుల మూడో గొడుగు తెప్పించిన. పచ్చది నొక్కితే నీలంది పంపిండ్రు. "వాపసు చేస్త తాతా" అన్నది మనవరాలు. వద్దని నవ్విన. "నీలం గూడ మంచిగనే ఉన్నది బిడ్డా" అన్న.