టైరుకి తెచ్చిన మందులు

ఆ రోజుల్లో నా చేతికి ఒక సంచి ఇచ్చి "ఇది నీ బాధ్యత" అంటే చాలు, రాజ్యం రాసిచ్చినంత సంబరపడేదాన్ని. ఇప్పుడు కూరల సంచి మోయాలంటేనే మా ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం (అందులో నేనే ముందుంటాను). కాని బడి గడప తొక్కకుండా పంతొమ్మిదేళ్ళు పెరిగిన పిల్లకి నలుగురిలో ఒకదానిగా లెక్కలోకి రావడమే దేవుడి దయ. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. అందుకని ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మ, డ్యూటీ నుంచి వచ్చాక వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, బైబిలు దగ్గర్నుంచి లెక్కల దాకా అన్నీ తనే చెప్పింది. నా ఆయాసం తగ్గిపోయింది గాని, మా నాన్నగారి భయం తగ్గలేదు. అమలాపురంలో మా వీధిలోనే సైకిలు తొక్కుకోవడం గాని, ఆ వీధి దాటి ఒక్కదాన్నే వెళ్ళిన గుర్తు లేదు.

అలాంటిది, మా చర్చి ఆడపిల్లలంతా సైకిళ్ళ మీద ఓడలరేవు వెళ్ళి, సముద్రం ఒడ్డున ప్రార్థన చేసుకుని, పులిహోర తిని రావాలని అనుకున్నప్పుడు నన్నూ పిలిచారు. పిలిచింది మా కెప్టెన్ అక్క. స్కూల్లో ఆటల టీచరు, ఈల వెయ్యకుండానే ఈల వేసినట్టు మాట్లాడుతుంది. నాన్నగారు రెండు రోజులు ఆలోచించి, "సరేనమ్మా, వెళ్ళు. కాని దారిలో ఎక్కడో ఆగిపోయేమని కబురొచ్చిందా, మళ్ళీ ఈ సైకిల్ మాట ఎత్తకూడదు" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. ఆ క్షణంలో ఏనుగెక్కి వెళ్ళమన్నా "ఆయ్" అనే అనేదాన్ని.

ముందురోజు కెప్టెన్ అక్క ఫోన్ చేసి, "పంపూ పానాలూ నేను తెస్తానే. ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాయితం నువ్వు తే. మర్చిపోయేవంటే అందరం నడిచి రావాలి" అంది. అంత పెద్ద పని నాకు అప్పగించిందని కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా ఇంట్లో ట్యూబంటే కాలిన గాయాలకి రాసే ఆయింట్‌మెంటు. ప్యాచీలంటే పుండుకి అంటించే ప్లాస్టర్లు. సొల్యూషనంటే విరేచనాలు పట్టినప్పుడు తాగే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. వేరే అర్థాలున్నాయని నాకెవరు చెప్పారు? గరుకు కాయితం ఒక్కటే కాస్త తికమక పెట్టింది. ఇసకలో నడిచాక మడమలు రుద్దుకోవడానికి కాబోలు అనుకున్నాను. అమ్మ అలమారాలోంచి అన్నీ తీసిస్తూ, "మీ కెప్టెన్ ఎవరోగాని మహా ముందుచూపున్న మనిషే" అని మెచ్చుకుని, తన వంతుగా ఒక థర్మామీటరు కూడా పడేసింది.

సగం దారిలో, కాలవ గట్టు మీద, బేబీ సైకిలు వెనక టైరు ఉస్సుమంది. బేబీ మా పాటల గుంపులో అందరికంటే గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. కెప్టెన్ అక్క టైరు ఊడదీసి, చూడకుండానే చెయ్యి చాచింది.

"సొల్యూషన్ ఇయ్యి."

నేను సీసా మూత తీసి ఇచ్చాను.

"ఏంటే ఇది?"

"సొల్యూషనేనండి. తాగండి. అలిసిపోయేరు కదా."

కెప్టెన్ అక్క సంచి లాక్కుని గట్టు మీద బోర్లించింది. బేబీ థర్మామీటరు తీసి టైరుకి ఆనించి, "అక్కా, జ్వరం లేదండి. ఒట్టి నీరసం" అని పడీ పడీ నవ్వింది. వెనక్కి వెళ్దామంటే దాటొచ్చిన సెంటర్లో పంచరు షాపు మూసుంది. పుండుకేసే ప్లాస్టరే ట్యూబుకి అంటించి గాలి కొడితే పది గజాలు పోయి మళ్ళీ చతికిలబడింది. నేను కళ్ళు మూసుకుని, "ప్రభువా, మట్టిబొమ్మకే ఊపిరి ఊదినవాడివి, ఈ ట్యూబుకి ఒక్కసారి ఊదితే నీకేమంత కష్టం?" అని అడుగుతుండగానే ఫోన్ మోగింది. నాన్నగారు.

"ఎంతవరకు వెళ్ళేరమ్మా?"

"కొబ్బరి బోండాలు తాగుతున్నామని చెప్పు!" అని కెప్టెన్ అక్క గుసగుసగా కసిరింది. అప్పుడే ప్రార్థన చేసిన నోటితో అబద్ధం ఎలా వస్తుంది? "ఆగిపోయామండి నాన్నగారూ" అన్నాను. ఎక్కడని అడిగారు. చెప్పాను. ఫోన్ పెట్టేశారు.

"కొంప ముంచేవు కదే!" అంది కెప్టెన్ అక్క. బేబీ నవ్వడం మానేసి, "ఇంక నిన్ను మాతో పంపరేమోనే" అంది. ఆ మాటకి మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నా ప్రార్థనకి జవాబు వచ్చింది గాని, హెల్మెట్ పెట్టుకుని, స్కూటరు మీద, మా నాన్నగారి మొహంతో వచ్చింది. అందరూ "వందనాలండి" అని వరసగా నిలబడ్డారు. ఆయన గట్టు మీద పరిచి ఉన్న మందులు చూసి, "ఇది మీ అమ్మ అలమారా కదే!" అని దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత స్కూటరు డిక్కీలోంచి ఓ రేకు డబ్బా తీశారు. పంచరు సామాను. "నేను చెయ్యను. చెప్తాను, నువ్వు చెయ్యి" అన్నారు.

గట్టుకి ఎదురుగా ఉన్న ఇంటావిడ బేసినుతో నీళ్ళిచ్చి, సలహాలు ఇవ్వడానికి అక్కడే నిలబడిపోయింది. ట్యూబు ముంచితే బుడగలొచ్చాయి. గరుకు కాయితంతో రుద్దాను (మడమలు కాదు). సొల్యూషన్ పూసి నోటితో ఊదబోతే, "ఊదకమ్మా, దానంతటదే ఆరుద్ది" అన్నారు నాన్నగారు. ప్యాచీ అంటింది. గాలి నిలబడింది. బేబీ "స్తోత్రం!" అని అరిచిన అరుపుకి కాలవలో బాతులు బెదిరిపోయాయి.

సంబరం అంతటితో సరి అనుకున్నాను. ఆడిన మాట ఆడినట్టే కదా. నా సైకిలు గట్టు మీదే వదిలి, చున్నీ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి స్కూటరు వెనక సీటు మీద కూర్చున్నాను.

"దిగు" అన్నారు నాన్నగారు.

"మరి మీరు..."

"పంచరు వేసేదాన్ని నేను ఇంటికి తీసుకుపోతే, ఇంకోటి పడితే పాపం వాళ్ళ గతేంటి?" అని, డబ్బా నా సంచిలో పెట్టి, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయారు.

ఓడలరేవు చేరేదాకా, తిరిగి ఇల్లు చేరేదాకా, ముందు పోతున్న ప్రతి సైకిలు టైరు వంకా ఆశగా చూశాను. ఇంకొక్కటంటే ఒక్క పంచరు పడాలని దారి పొడుగునా లోలోపల ప్రార్థించాను కూడా (దేవుడు క్షమించాలి). ఆయన ఆలకించలేదు. నాన్నగారిని గట్టు మీదికి పంపినందుకు, ఇంకో పంచరు పంపనందుకు, రెండింటికీ ఆయనకి వందనాలు. కాని ఇన్నేళ్ళ తర్వాత, ఎవరి సైకిలైనా పక్కనుంచి సాఫీగా వెళ్ళిపోతుంటే, ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల నాలో ఇంకా కొంచెం నిరాశపడుతూనే ఉంటుంది.