గిన్నె పట్టుకుని కూర్చున్న గంట

ఆపరేషన్ థియేటర్ నుంచి ల్యాబ్‌కి నాలుగు అంతస్తులు, తొంభై ఆరు మెట్లు. ఆయన అక్కడ అటెండరు, లిఫ్టుని నమ్మేవాడు కాదు. రోగి నుంచి కోసి తీసిన ముక్క చేతికందిందా, ఎదురుగా ఎవరున్నా చూడకుండా పరుగే. నర్సులు ముద్దుగా తుఫాను బాబాయి అనేవారు. దారిలో గోడకి అతుక్కుపోయిన కుర్ర డాక్టర్లు ఏమనేవారో ఇక్కడ రాయకూడదు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏనాడూ ఆరు నిమిషాలు దాటనివ్వలేదు.

ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. చేరిన కొత్తలో ఓసారి టీ తాగి తీరిగ్గా వెళ్తే, ల్యాబ్ మేడం చెడామడా తిట్టి, తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

"కణంలో ఏ పని జరగాలన్నా జన్యువు నుంచి ఒక చీటీ రావాలి బాబాయ్. దాన్నే మెసెంజర్ ఆర్ఎన్ఏ అంటాం. పనయ్యాక కణమే ఆ చీటీని చింపేస్తుంది. అది మంచిదే, లేకపోతే పాత కబుర్లతో కణం గందరగోళమైపోదూ! బతికున్నంతసేపూ కొత్తవి వస్తూనే ఉంటాయి. కోసి బయటికి తీశామా, రాసేవాళ్ళు ఆగిపోతారు, చింపేవాళ్ళు ఆగరు. ఇక్కడికి తెచ్చి మంచులా గడ్డకట్టిస్తేనే వాళ్ళ చేతులు ఆగేది."

అప్పట్నుంచి సర్జన్ల అలవాటొకటి ఆయనకి ఒళ్ళుమంట. తీసిన గడ్డని గిన్నెలో పెట్టి బయటికి తెచ్చి బంధువులకి చూపిస్తారు. వాళ్ళు ఏడుస్తారు, అడిగిందే అడుగుతారు, కింద మేనమామ ఉన్నాడు, ఆయన్నీ పిలుస్తామంటారు. "చూసింది చాలమ్మా, ఇదేమన్నా పెళ్ళికూతురా!" అని గిన్నె లాక్కుని పోయేవాడు. దాని మీద ఎన్ని ఫిర్యాదులో!

అలాంటి మనిషి భార్యకే పేగులో గడ్డ. ఆ రోజు డ్యూటీ వేరే అతనికి వేశారు. సర్జన్ బయటికొచ్చి, "మొత్తం వచ్చేసింది. నువ్వున్నావుగా బాబాయ్, నువ్వే పట్టుకెళ్ళు" అని గిన్నె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అది విని డ్యూటీ అతను కూడా వెనక్కి తిరిగాడు. తుఫాను బాబాయి ఉండగా ఇంకొకడెందుకు?

ఆయన లేచాడు. అంతలో కూతురి ఫోన్.

"నాన్నా, బస్సు దిగాను, పది నిమిషాల్లో అక్కడుంటా. అమ్మ కడుపులోంచి ఏం తీశారో నేను చూడాలి. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దు, నీకు దణ్ణం పెడతా."

పది నిమిషాలేగా అనుకుని కూర్చున్నాడు. గిన్నెలోకి చూశాడు. ముప్పై ఒక్కేళ్ళు తనకి అన్నం పెట్టిన మనిషిని తినేస్తున్నది ఇంతేనా, పిడికెడు కూడా లేదే! కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కూతురేమో దారి తెలియక వేరే బ్లాకుకి వెళ్ళింది. ఆమె వచ్చి, చూసి, తండ్రి మీద పడి ఏడ్చేసరికి గంటా పది నిమిషాలు. అప్పుడు పరుగెత్తాడు. ఏం లాభం?

"అన్నీ తునకలే బాబాయ్," అంది ల్యాబ్ మేడం. "చదవడానికి ఒక్క చీటీ మిగల్లేదు."

క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే రెండు మందుల్లో ఏది పనిచేస్తుందో ఆ చీటీలే చెప్పాలి. మళ్ళీ కోద్దామంటే లోపల గడ్డ లేదు. ఉంటే గింటే కంటికి కనపడని నలుసులే. డాక్టరు ఊహ మీద ఒక మందు రాశాడు.

మూడో రోజు మంచినీళ్ళు తాగిస్తుంటే భార్య అడిగింది. "పరీక్షలో ఏం తేలింది?"

"ఏమీ తేల్లేదే."

"అదేంటి, పట్టుకెళ్ళింది మీరేనట కదా!"

మిషన్ పాడైందని చెప్పొచ్చు. నోరు రాలేదు. ఒక్క నిమిషం కూడా దాచకుండా మొత్తం చెప్పేశాడు. ఆమె గ్లాసు పక్కకి నెట్టింది.

"పిల్లకి తెలుసా, దీనివల్లే ఇలా అయిందని?"

"తెలీదు."

"చెప్పకండి. జన్మంతా కుమిలిపోతుంది. అది తెలియక అడిగింది, మీరు తెలిసి కూర్చున్నారు. ఇది మీరొక్కరే మోయండి."