యేసుమణి చేతిలోని పందిరి

అర్ధవీడు దగ్గరి మా పల్లెలో, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు అంటే యేసుమణి వంటే. గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కిందంటే ఆమె మాటే చెల్లాలి. కూలికి పోయినచోట మేస్త్రీ మాట పడ్డా, పొయ్యి దగ్గర సంఘ పెద్దకు కూడా లొంగేది కాదు.

కిడ్నీలు పాడైనా ఆ పెత్తనం వదల్లేదు. మార్కాపురంలో డయాలసిస్ చేయించుకొచ్చి మరునాడు పొయ్యి ముందుండేది. గుచ్చీ గుచ్చీ చేతుల్లో రక్తనాళాలు మూసుకుపోయాయి. ఇక సూదికి చోటు లేదన్నారు. అప్పుడు పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ అరుణకుమారి, తాము కొత్తగా పరీక్షిస్తున్న ఒక గొట్టం గురించి చెప్పింది. సాలెపోగు కంటే సన్నని దారాలతో అల్లింది. ఎడమచేతిలో అమర్చితే యేసుమణి సొంత కణాలే దానిమీద పాకి, సూది గుచ్చడానికి పనికొచ్చే కొత్త రక్తనాళంగా గోడ కట్టుకుంటాయి, దారాలు మెల్లగా కరిగిపోతాయి. బీరతీగకు పందిరిలాంటిదని, తీగ నిలదొక్కుకుంటే పందిరితో పనిలేదని విడమరిచింది. ఎవరినీ అడక్కుండా యేసుమణి సరేనని గొట్టం పెట్టించుకొచ్చింది.

మా ఊరివాళ్ళకు ఈ పందిరి సంగతి తలకెక్కితేనా! చచ్చిపోయినవాళ్ళ కళ్ళు ఇంకొకరికి పెడతారని విన్నారు కదా, ఇదీ ఎవరో చచ్చినవాళ్ళ నరమేనని తేల్చేశారు. ఆ చేతివంట ఎలా తింటామని గొణుగుడు మొదలైంది. సంఘ పెద్ద కరుణాకరం మెత్తగా, ఇక విశ్రాంతి తీసుకోమ్మా అన్నాడు. కోతపండుగ విందుకు కంభం నుంచి వంటవాళ్ళను పిలిపించాడు. ఆ మెత్తదనానికే ఆమె ఒళ్ళు మండింది.

దారాలు పూర్తిగా కరిగాయని డాక్టరమ్మ చెప్పింది పండుగకు ముందే. పండుగ ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి యేసుమణి లేచింది. సాక్ష్యం చెప్పేవాళ్ళను మధ్యలో ఆపే ఆచారం మాకు లేదు. అది ఆమెకు బాగా తెలుసు.

"నా చేతిలో చచ్చినోళ్ళది ఏందీ లేదు. పందిరి కరిగిపోయింది. తీగ నాది, నెత్తురు నాది. నమ్మనోళ్ళు పట్టుకొని చూడండి."

ఎవరూ కదల్లేదు. తనే నడిచివెళ్ళి ముందు వరసలోని కరుణాకరం ఎదుట చెయ్యి చాపింది.

"చిన్నాయనా, చెయ్యి పెట్టు."

అంతమంది ముందు కాదనలేక ఆయన వేళ్ళు ఆనించాడు. చర్మం కింద రక్తం జరజరమని పారుతోంది. చటుక్కున చెయ్యి తీసి, మళ్ళీ పెట్టాడు.

"అదురుతా ఉంది," అన్నాడు చిన్నగా.

"బతికుండాది కాబట్టి అదురుతా ఉంది. ఆకలైనోళ్ళు రండి, రోతైనోళ్ళు ఇంటికి పోండి."

ప్రార్థన ముగిసేదాకా కూడా ఆగలేదు. బయటికెళ్ళి కంభం వంటమనిషి చేతిలోంచి గరిటె లాక్కుని పులుసు రుచి చూసింది, పెదవి విరిచింది, గుప్పెడు ఉప్పు వేసింది.

ఆ రోజు ఇంటికి పోయినవాళ్ళు లేరు. మా సంఘంలో పెద్దలకు మొదటి బంతిలో వడ్డించడం అలవాటు. యేసుమణి కరుణాకరాన్ని చివరి బంతికి ఆపింది. ఆయన ఆకలితోనే కాచుకున్నాడు.