పాప చూపు తిప్పుకునేలోపు

బన్సీలాల్‌పేట్‌లో మా వీధిలోనే, అందరం ఆపా అని, అంటే అక్క అని పిలిచే ఒకామె ఉంది. చెవులు వినిపించని పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. ఆ పిల్లల తల్లులు ఇంట్లో సైగల భాష నేర్చుకోవడానికి సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టింది. నీళ్లు, అన్నం, నొప్పి, వాన... ఒక్కో మాటకు ఒక్కో చిన్న వీడియో. అన్నిట్లోనూ కనిపించేవి ఆమె చేతులే. నేను వెబ్‌సైట్లు చేసే పనిలో ఉన్నానని తెలిసి ఒక ఆదివారం పిలిచింది.

"జెర చూడు తమ్ముడూ. నా లాప్‌టాప్‌ల మంచిగనే వస్తది. తల్లుల ఫోన్లల్ల తెరుచుకుంటలేదంట. ఏందో సమజైతలేదు."

నా ఫోన్‌లో తెరిచి చూశాను. ఇబ్బందేమీ కనిపించలేదు. "లాలాగూడ పోదాం పా, ఒక తల్లి ఫోన్ల చూద్దువు" అంది ఆపా.

ఆ తల్లి ఉండేది రైల్వే క్వార్టర్స్‌లో, పై అంతస్తులో. మేం వెళ్లేసరికి వాళ్ల పాప బాల్కనీ తలుపు దగ్గర నిలబడి ఉంది. పిట్టగోడ మీద ఒక పావురం వాలింది. పాప దాన్ని వేలితో చూపించి, అదేమిటన్నట్టు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి గబగబా ఫోన్ తీసి వెబ్‌సైటు తెరిచింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పావురం ఎగిరిపోయింది. పాప కాసేపు ఆకాశంలోకి చూసి, తన బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది.

"గిట్లనే అయితది అన్నా" అంది ఆ తల్లి. "మాట వచ్చేదాక పిట్ట కూసుంటదా? అది పోయినంక వస్తే, దేని పేరని చెప్పాలె?"

వెబ్‌సైట్ల వేగం పరీక్షించడం నాకు రోజూ ఉండే పని. నెమ్మది అని ఎర్రగా చూపే అంకెలను పచ్చగా మార్చడమే అందులో నేను చూసింది. ఒక మాటకు కూడా వేళ ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆమె ఫోన్‌ను కేబుల్‌తో నా లాప్‌టాప్‌కు కలిపి, పేజీ ఏం చేస్తోందో చూశాను. ఒక్క మాట అడిగితే అన్ని వీడియోలనూ ఒకేసారి లాగుతోంది. పైగా అవన్నీ దాచిన కంప్యూటరు వేరే ఖండంలో ఉంది.

"గంత దూరంకెల్లి ఎట్ల వస్తున్నయి?" అని అడిగింది తల్లి.

సముద్రం అడుగున వెంట్రుకంత సన్నటి గాజు తీగలుంటాయనీ, వాటిలో వీడియోలు వెలుగుగా మారి వస్తాయనీ చెప్పాను.

ఆమె ఆపా చేతుల వైపు చూసింది. "మేడం చేతులు సముద్రం దాటి పోయి, మళ్ల మా ఇంటికి వస్తున్నయా?"

అవునన్నాను. ఎప్పటినుంచో తెలిసిన సంగతే, ఆమె నోట విన్నాకే వింతగా తోచింది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఆపా ఇంట్లో కూర్చున్నాను. పేజీలో ముందు చిన్న బొమ్మలే వచ్చేటట్టు, నొక్కిన వీడియో ఒక్కటే కదిలేటట్టు మార్చాను. వెబ్‌సైటును మన దేశంలోనే ఉన్న కంప్యూటర్లోకి తెచ్చాను. త్వరగా తెరుచుకునేందుకు వీడియోల సైజు తగ్గిస్తుంటే ఆపా పక్కనే ఉండి చూసేది. "ఇంక తగ్గించకు. వేలు మసకైతే మాటే మారిపోతది" అనేది. ఆ తల్లి ఫోన్‌లాంటి పాత ఫోన్‌లో, సిగ్నల్ సరిగ్గా లేనిచోట, ప్రతి మార్పునూ పరీక్షించాను.

మళ్లీ లాలాగూడ వెళ్లిన రోజు, మేం కూర్చోగానే వాన మొదలైంది. పాప కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూసి, తల్లి వైపు తిరిగింది. తల్లి బొమ్మ మీద వేలు పెట్టిందో లేదో, తెర మీద ఆపా వేళ్లు చినుకుల్లా కిందికి జారాయి. తల్లి ఫోన్ పక్కన పెట్టి, తన చేతులతో అలాగే చేసింది.

పాప ఆ వేళ్లను చూసింది. వానను చూసింది. మళ్లీ వేళ్లను చూసింది. తర్వాత తన చిన్న చేతులు రెండూ పైకెత్తి కిందికి దించింది.

అంతే, ఇక పాప ఆగలేదు. ఫ్యానును చూపించింది, చెప్పులను చూపించింది. ప్రతిదానికీ ఒక పేరుంటుందని ఆ పూటే తెలిసినట్టుంది. తల్లి ఒక్కో బొమ్మా నొక్కుతోంది, చూసి చేస్తోంది. చివరికి పాప ఆపా గాజులు పట్టుకుని లాగింది. తల్లి వెతికితే ఆ మాట దొరకలేదు.

"గాజులు నేను పెట్టనేలేదు" అంటూ ఆపా కింద కూర్చుని, మణికట్టు చుట్టూ వేళ్లు తిప్పి చూపించింది. పాప తన బోసి మణికట్టు చుట్టూ వేళ్లు తిప్పుకుంది. తర్వాత చాలాసేపు ఆ గదిలో ఎవరూ నోరు తెరవలేదు. ముగ్గురూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటలు నాకు సగం కూడా తెలియలేదు, అయినా అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.